తోలు బెల్టు ప్రాజెక్టు డైరీ: ఏది కొనాలి, ఏది కొనక్కర్లేదు

చేస్తున్నది నడుముకి పెట్టుకునే బెల్టు. ఒకటే పొర తోలు, వెడల్పు 38 మి.మీ., ఇత్తడి బకిల్, నలుపు రంగు. చాలామంది పర్సుతో మొదలుపెడతారు గానీ నేను బెల్టే పెట్టుకున్నా, ఎందుకంటే బెల్టు రోజూ లాగుడు తింటది, తోలు నాసిదైతే కొన్నాళ్ళకే సాగి చెప్పేస్తది, అంచు సరిగ్గా రుద్దకపోతే పోగులు లేస్తయి. ఎవరన్నా ఇదే చేద్దామనుకుంటే ఇక్కడి కొలతలు అలాగే తీసుకోవచ్చు. ఎక్కడ చెడిందో, ఎందుకు మార్చానో కూడా రాస్తున్నా, ప్రతి స్టేజి చివర ఖర్చు లెక్క ఉంటది, అందులో ‘మొత్తం’ అంటే అప్పటిదాకా అయిన ఖర్చంతా.

స్టేజి 1: తోలు

ముందు సిటీలోనే దొరికిన రెడీమేడ్ పట్టీ ఒకటి తీసుకున్నా, పైన ‘ఒరిజినల్ లెదర్’ అని ముద్ర కూడా ఉంది, 350 రూపాయలు. ఇంటికొచ్చి కొస కోసి చూస్తే పైన ప్లాస్టిక్ లాంటి సన్నటి పొర, మధ్యలో నీలం కలిసిన బూడిద రంగు, కింద గుడ్డ. రెండుసార్లు గట్టిగా మడిచేసరికి పై పొర పగిలింది. దాన్ని పక్కన పడేశా.

ఆ నీలం బూడిద రంగు క్రోమియం లవణాలతో శుద్ధి చేసిన తోలుకి గుర్తు. క్రోమ్ తోలు చెడ్డదని కాదు, జాకెట్లకి, మెత్తటి బ్యాగులకి అదే కావాలి, నీళ్ళకి కూడా బాగా తట్టుకుంటది. కానీ దాని అంచు ఎంత రుద్దినా మెరుపు రాదు, బెల్టుకి కావాల్సిన బిగువు కూడా ఉండదు. మనకి కావాల్సింది వెజ్ ట్యాన్, అంటే చెట్ల బెరడుతో ఊనిన (శుద్ధి చేసిన) తోలు. మన ఊళ్ళల్లో లందల్లో, అంటే తోళ్ళు నానబెట్టే తొట్లల్లో, తంగేడు చెక్క వేసి వారాల తరబడి నానబెట్టి చేసేవాళ్ళే, అదే ఇది. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు చెట్టు బెరడులోనే తోలుని నిలబెట్టే టానిన్ ఉంది. కరక్కాయ, తుమ్మ చెక్క కూడా ఇందుకే వాడతారు. చెప్పులు, డప్పు, బావి మీద మోటకి కట్టే తొండం, వ్యవసాయానికి కావాల్సిన వార్లు అన్నీ ఆ చేతుల నుంచే వచ్చాయి, మనం ఇప్పుడు హాబీ అని నేర్చుకుంటున్న ప్రతి మెళకువా వాళ్ళకి ఎప్పుడో తెలుసు. ఇది గుర్తుపెట్టుకునే పని మొదలుపెట్టాలని నా ఉద్దేశం.

కొనే ముందు శాంపిల్ ముక్కలు తెప్పించుకోండి. వచ్చిన ముక్కల మీద నేను చేసిన పరీక్షలు:

1. బ్లేడుతో కోసి మధ్య రంగు చూడాలి. నీలం బూడిద అయితే క్రోమ్. లోపలిదాకా రంగు వేసి ఉంటే మాత్రం ఇది తేలదు.
2. గోరంత ముక్కని మరిగే నీళ్ళలో ఒక నిమిషం వేయాలి. వెజ్ ట్యాన్ ముడుచుకుపోయి గట్టిపడతది, పూర్తి క్రోమ్ అయితే పెద్దగా మారదు.
3. ఇనుము నానిన వెనిగర్ ఒక చుక్క వేయాలి, తయారీ స్టేజి 4లో ఉంది. వెజ్ ట్యాన్ అయితే కళ్ళముందే నల్లబడతది. తర్వాత చుక్క పడ్డచోట కోసి చూడండి, నలుపు లోపలికి దిగిందా లేదా అనేది ముఖ్యం. రెండు పద్ధతులు కలిపి శుద్ధి చేసిన తోళ్ళు కూడా ఉంటయి, వాటికి పైపైన నలుపు రావచ్చు.

మూడు పరీక్షలూ పాసైంది చెన్నై నుంచి వచ్చిన గేదె తోలు, వీపు వైపు పొడుగ్గా కోసిన ముక్క, 6 చదరపు అడుగులు, అడుగు 210 రూపాయల లెక్కన. చెప్పిన మందం 4 మి.మీ., వెర్నియర్ పెట్టి చూస్తే వీపు దగ్గర 3.8, కడుపు వైపు 3.1 వచ్చింది. ఇది మోసం కాదు, జంతువు తోలు అంతటా ఒకే మందం ఉండదు. వీడియోల్లో ఔన్సుల్లో చెప్తుంటారు, 1 ఔన్సు అంటే అంగుళంలో 64వ వంతు, దాదాపు 0.4 మి.మీ., కాబట్టి 9 ఔన్సులు అంటే 3.6 మి.మీ. అన్నమాట. బెల్టుకి 3.5 నుంచి 4 మధ్య ఉంటే సరిపోతది.

మా బస్తీ మూలన చెప్పులు కుట్టే పెద్దాయనకి ముక్క చూపించా. ఆయన వెర్నియర్ వైపు కూడా చూడలేదు, తోలుని నునుపు వైపు లోపలికి వచ్చేలా మడిచి బొటనవేలితో ఆ మడత మీద ఇటు నుంచి అటు జరుపుకుంటూ పోయాడు. వీపు దగ్గర వెంట్రుకల్లాంటి సన్న గీతలు పడ్డయి, కడుపు వైపుకి వచ్చేసరికి అవే లావుగా, వదులుగా అయ్యాయి. ‘చూసినవా బిడ్డా, ముడత సన్నగొస్తె వీపుది, లావుగొస్తె కడుపుది. కడుపుతోలు నడుముకు కట్టకు, సాగుతది’ అన్నాడు.

తాత చెప్పింది కొలిచి చూశా. రెండు చోట్ల నుంచీ మీటరు పొడవు, 20 మి.మీ. వెడల్పు పట్టీలు కోసి 5 కిలోల బియ్యం సంచి కట్టి రాత్రంతా వేలాడదీస్తే, వీపు పట్టీ 6 మి.మీ. సాగింది, కడుపు పట్టీ 31 మి.మీ. సాగింది. బరువు తీశాక కూడా కడుపు పట్టీ పూర్తిగా వెనక్కి రాలేదు.

ఖర్చు: పనికిరాని పట్టీ 350, తోలు 1,260, కొరియర్ 160. మొత్తం 1,770.

స్టేజి 2: కోత

పొడవు లెక్క ముందు. ప్యాంటు సైజు నమ్మొద్దు. ఇప్పుడు వాడుతున్న బెల్టు తీసుకుని బకిల్ మడత దగ్గర్నుంచి రోజూ పెట్టుకునే చిల్లు దాకా కొలవాలి. నాది 920 మి.మీ.

1. బకిల్ మడతకి 80
2. మడత నుంచి మధ్య చిల్లు దాకా 920
3. మధ్య చిల్లు తర్వాత ఇంకో 3 చిల్లులు, 25 చొప్పున 75
4. చివరి చిల్లు నుంచి కొస దాకా 100

అంతా కలిపి 1,175. కోసింది మాత్రం 1,250, కొసలు తర్వాత కత్తిరించుకోవచ్చు.

కత్తి సంగతి. ఆన్‌లైన్‌లో 30 పైగా పీసులతో వచ్చే కిట్లు కొనొద్దని గట్టిగా చెప్తున్నా, వాటిల్లో సగం పనిముట్లు ఈ ప్రాజెక్టులో ముట్టుకోను కూడా ముట్టుకోము, మిగతా సగానికి పదును నిలవదు. 18 మి.మీ. స్నాప్ బ్లేడు కత్తి ఒకటి, మీటరు స్టీలు స్కేలు ఒకటి, పదును పెట్టుకోడానికి స్ట్రాప్ ఒకటి, ఇంతే. స్ట్రాప్ ఇంట్లోనే చేశా: చెక్క ముక్క మీద తోలు గరుకు వైపు పైకి ఉండేలా అంటించి, రాణిగంజ్‌లో పాలిషింగ్ సామాను షాపులో దొరికే ఆకుపచ్చ సబ్బు రుద్దాలి. ఆ ఆకుపచ్చ పొడి క్రోమియం ఆక్సైడ్, చాలా సన్నగా ఉంటది, కత్తి అంచుని అద్దంలా చేస్తది. రెండు కోతలకి ఒకసారి పది పదిహేనుసార్లు వెనక్కి లాగితే చాలు, ముందుకి తోస్తే స్ట్రాపే కోసుకుపోతది.

మొదటి కోత చెడింది. స్కేలు మధ్యలో జరిగి 1,250 పొడవులో 2 మి.మీ. వంపు వచ్చింది. కంటికి తెలియదు గానీ బల్ల మీద రెండో పట్టీ పక్కన పెడితే సందు కనపడతది. మార్చింది ఏంటంటే, స్కేలు అడుగున 80 నంబరు గరుకు కాగితం అంటించి, రెండు కొసలా సీ-క్లాంపులు బిగించి, ఒకేసారి కోయకుండా మూడుసార్లు తేలిగ్గా కత్తి నడిపించా. ఈసారి వంపు అర మిల్లీమీటరు కూడా లేదు.

ఒక పక్క తిన్నగా వచ్చాక రెండో పక్కకి, పట్టీలు ఒకే వెడల్పుతో కోసే చెక్క కట్టర్ వాడా. 38కి సెట్ చేస్తే కొన్నిచోట్ల 37.4 వచ్చింది, లాగుతుంటే తోలు గైడుకి దూరం జరుగుతుంది, అదీ కారణం. మా తమ్ముడు అవతలి కొస పట్టుకుని, నేను ఎడమచేత్తో తోలుని గైడుకి ఆనించి మెల్లగా లాగితే 37.9 నుంచి 38.1 మధ్య వచ్చింది. ఒక్క బెల్టే చేసేవాళ్ళకి కట్టర్ అక్కర్లేదు, స్కేలుతోనే రెండు పక్కలా కోసుకోవచ్చు. నాలుగైదు చేసే ఆలోచన ఉంటేనే కొనండి.

ఖర్చు: కత్తి, బ్లేడ్లు 420, స్కేలు 260, ఆకుపచ్చ సబ్బు 120, కట్టర్ 950. మొత్తం 3,520.

స్టేజి 3: చిల్లులు

కొట్టడానికి కింద గట్టిది, బరువైనది కావాలి. గ్రానైట్ షాపుల వెనకాల కిచెన్ ప్లాట్‌ఫారం కోసి పడేసిన ముక్కలుంటయి, అడిగితే ఊరికే ఇచ్చారు. దాని మీద చిల్లు కొట్టే పంచ్ నేరుగా దిగితే మొన పోతది కాబట్టి మధ్యలో పాత నైలాన్ కటింగ్ బోర్డు ముక్క. అపార్టుమెంట్లో ఉండేవాళ్ళు గ్రానైట్ కింద రబ్బరు మ్యాటు, దాని కింద మడిచిన దుప్పటి వేసుకోండి, బల్ల మధ్యలో కాకుండా కాలు ఉన్నచోట కొట్టండి, చప్పుడు సగం తగ్గిపోతది. సుత్తి నైలాన్‌దే వాడాలి, ఇనుప సుత్తికి పంచ్ తల పుట్టగొడుగులా విచ్చుకుంటది.

బకిల్ ముల్లు తిరగడానికి 25 మి.మీ. పొడవు, 6 మి.మీ. వెడల్పు సందు కావాలి. దానికని ప్రత్యేకంగా 480 పెట్టి ఓవల్ పంచ్ కొన్నా, మళ్ళీ అయితే కొనను. 6 మి.మీ. గుండ్రటి పంచ్‌తో రెండు చిల్లులు, కేంద్రాల మధ్య దూరం 19 మి.మీ. ఉండేలా కొట్టి, మధ్యలో రెండు గీతలు కత్తితో కోస్తే అచ్చం అదే సందు వస్తది. పక్కపక్కన చేసి చూశా, తేడా లేదు. సైజు చిల్లులు 4 మి.మీ., మధ్యది ఒకటి, దానికి అటు 3, ఇటు 3, మొత్తం 7. ముందు కాగితం పట్టీ మీద గుర్తులు పెట్టుకుని దాన్ని తోలుకి టేపుతో అంటించి కొట్టడం మేలు, తోలు మీద పెన్ను గీస్తే పోదు.

ఖర్చు: సుత్తి 380, ఓవల్ పంచ్ 480, గుండ్రటి పంచ్ 90. మొత్తం 4,470.

స్టేజి 4: నలుపు

స్పిరిట్ డై, అంటే రెడీమేడ్ తోలు రంగు, కొనలేదు. వెజ్ ట్యాన్‌లో ఉన్న టానిన్‌కి ఇనుము తగిలితే తోలే నల్లబడతది, పైన పూత ఏమీ ఉండదు. కలంకారీలో నలుపు కూడా ఇంతే, బట్టని కరక్కాయలో ముంచి, ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టిన ద్రావణంతో గీస్తారు. కరక్కాయ టానిన్ ఇస్తది, రెండోది ఇనుము ఇస్తది. తోలులో మొదటిది ముందే ఉంది కాబట్టి మనకి ఇనుమొక్కటే కావాలి.

గిన్నెలు తోమే స్టీలు పీచుతో ఇది కాదు. వెనిగర్‌లో అది వారం ఉన్నా ద్రావణం నీళ్ళలాగే ఉంది, అది స్టెయిన్‌లెస్, కరగదు. సెంట్రింగ్ పనికి వాడే నల్లటి బైండింగ్ వైరు తెచ్చి చిన్న ముక్కలు చేసి, నూనె పోయేలా గిన్నెల సబ్బుతో కడిగి వేస్తే మర్నాటికే బుడగలు మొదలయ్యాయి.

1. తెల్ల వెనిగర్ 500 మి.లీ., వైరు గుప్పెడు, గాజు సీసాలో. మూత వదులుగా పెట్టాలి, హైడ్రోజన్ వాయువు వస్తది. పొయ్యికి దూరంగా, బాల్కనీలో ఉంచండి.
2. వారం పది రోజులకి ఘాటైన వెనిగర్ వాసన చాలా తగ్గుతది. గుడ్డలో వడకట్టాలి.
3. తోలుని తడిగుడ్డతో సమంగా తడిపి, ద్రావణం స్పాంజితో రెండు వైపులా, అంచులకీ పూయాలి. అర నిమిషంలో బూడిద రంగు, ఐదు నిమిషాల్లో నలుపు.
4. లీటరు నీళ్ళలో ఒక చెంచా వంట సోడా కలిపి తుడవాలి, మిగిలిన ఆమ్లం పోవడానికి. ఐదు నిమిషాలకి మించి సోడా ఉంచొద్దు, క్షారం కూడా తోలుకి మంచిది కాదు. తర్వాత మంచినీళ్ళు.
5. నీడలో, చదునుగా, ఒక రోజు.

కొస దగ్గర రెండు వేళ్ళ గుర్తులు గోధుమ రంగులోనే ఉండిపోయాయి, చేతి జిడ్డు ఉన్నచోట ద్రావణం దిగలేదు. అక్కడ స్పిరిట్‌తో తుడిచి మళ్ళీ పూస్తే కలిసిపోయింది. తెల్లబట్ట తడిపి గట్టిగా రుద్ది చూశా, మొదటి కడుగు తర్వాత బూడిద రంగు అంటింది, ఇంకోసారి కడిగాక శుభ్రంగా వచ్చింది. తెల్ల చొక్కాలు టక్ చేసుకునేవాళ్ళు ఈ పరీక్ష వదలొద్దు. రంగు వేయని బెల్టు చేసుకునేవాళ్ళకి ఇంకో మాట: తడి తోలు మీద స్టీలు స్కేలు, సీ-క్లాంపు పెట్టి మర్చిపోతే ఇదే నలుపు మచ్చగా పడతది.

ఖర్చు: వెనిగర్ 55, వైరు 30, సోడా 20. మొత్తం 4,575.

స్టేజి 5: అంచులు

ఎక్కువ టైమ్ పట్టింది ఇక్కడే. అంచు మూలలు చెక్కే ఎడ్జ్ బెవెలర్‌తో నాలుగు మూలలూ గీసి, 220, 400, 800 కాగితాలతో వరసగా రుద్దా. తర్వాత అంచు పోగులు అణిగి మెరవడానికి బంక. బయటి వీడియోల్లో ట్రాగకాంత్ అంటారు, దానికి మన దగ్గర తపసి బంక ఉంది. ఏజెన్సీ ఏరియాల్లో గిరిజనులు సేకరించేది, గిరిజన సహకార సంస్థ కొంటది, దీన్ని ఇండియన్ ట్రాగకాంత్ అని కూడా పిలుస్తారు. నేను బేగంబజార్‌లో మూలికల కొట్లో 100 గ్రాములు తెచ్చా, ఏళ్ళకి సరిపోతది.

తుమ్మ బంక కూడా పెట్టి చూశా, నీళ్ళలో చక్కగా కరిగింది, మెరుపూ వచ్చింది, కానీ ఆరాక పట్టీ వంచితే అంచు మీద సన్న పగుళ్ళు వచ్చాయి. తపసి బంక పూర్తిగా కరగదు, ఉబ్బుతది. 250 మి.లీ. నీళ్ళలో 5 గ్రాములు రాత్రంతా నానబెట్టి, పొద్దున పల్చటి గుడ్డలో పిండితే జావలాగా వస్తది. పిండకుండా వాడితే గింజలు అంచుకి అతుక్కుని గరుకు వస్తది. కొంచెం వెనిగర్ వాసన దాని సహజ గుణం, చెడిపోయిందనుకోవద్దు. బయట పెడితే మూడు నాలుగు రోజులకి బూజు, ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

మొదటి ముక్కకి బంక ఎక్కువ పట్టించి వెంటనే రుద్దితే అంచు 3.8 నుంచి 4.3 మి.మీ.కి ఉబ్బి తల విచ్చుకుంది. దాన్ని మళ్ళీ 400తో అరగదీసి, ఈసారి వేలితో పల్చగా పూసి, తడి మెరుపు పోయేదాకా రెండు నిమిషాలు ఆగి, టేకు చెక్కతో రుద్దా. ఆ చెక్క కార్పెంటర్ దగ్గర తెచ్చుకున్న తునక, గుండ్రటి ఆకురాయితో 4 మి.మీ. గాడి తీశా, అంతే పనిముట్టు. వేగంగా రుద్దితే వేడి పుట్టి చెక్క కింద జారుడు మారుతది, ముందు చేతికి కొంచెం పట్టుకున్నట్టుంటది, ఉన్నట్టుండి నూనె పోసినట్టు జారిపోతది, అప్పుడు ఆపి పాత జీన్స్ గుడ్డతో తుడవాలి. ఇలా మూడుసార్లు, ఆఖరుసారి తేనెమైనం గీసి. పొరలు కనపడకుండా గాజు గాజుగా వచ్చింది. బంక నునుపు వైపు పడితే వెంటనే తుడిచేయండి, ఆరితే మచ్చ.

ఖర్చు: బెవెలర్ 350, కాగితాలు 60, బంక 80. మొత్తం 5,065.

స్టేజి 6: బకిల్, కుట్టు

ముందు 90 రూపాయల బకిల్ తెచ్చా, ఇత్తడే అన్నారు. అయస్కాంతం అంటలేదు, కానీ అది రుజువు కాదు, జింక్ మిశ్రమానికీ అంటదు. వెనక ఆకురాయితో ఒక గీత గీస్తే లోపల తెల్ల బూడిద రంగు. అసలు ఇత్తడిలో లోపల కూడా పసుపే ఉంటది. 240 పెట్టి పోత ఇత్తడిది తెచ్చుకున్నా, లోపలి వెడల్పు 40 మి.మీ.

మడత దగ్గర తోలు పల్చన చేయాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత పవర్ హాక్సా బ్లేడు ముక్క 60కి దొరికింది, గ్రైండింగ్ పట్టించి రంపె, అంటే తోలు చెక్కే కత్తి, చేసుకున్నా. తాత చేయించి చూపించాడు: తోలు రాయి మీద చదునుగా, రంపె దాదాపు పడుకోబెట్టి, మన నుంచి అవతలికి తోయాలి. ‘చెయ్యి కత్తికి ముంగట పెట్టకు’ అని రెండుసార్లు అన్నాడు. మడత ముక్క 3.8 నుంచి 2.0కి దిగింది, రెండూ కలిపి 5.8 మి.మీ.

కుట్టు చిల్లులు కొట్టే పళ్ళ పనిముట్టు, 4 మి.మీ. స్టిచింగ్ చిజెల్, ఈ మందంలో ఇరుక్కుంది, అటూ ఇటూ ఊపి తీస్తుంటే ఒక పన్ను వంగింది. పరిష్కారం: పళ్ళకి మైనం రాసి, విడివిడిగా పై పొర ఒక్కటే కొట్టి గుర్తు పెట్టుకుని, తర్వాత ఆరెతో, అంటే తోలు పొడిచే మొన పనిముట్టుతో, కింది పొరదాకా పొడవడం. ఆరెకి కూడా స్ట్రాప్ మీద పదును పెట్టాలి, మొద్దు ఆరె తోలుని పొడవదు, చింపుతది.

దారం: నూలు దారం మైనం పట్టించినా గట్టిగా లాగితే తెగింది. 1 మి.మీ. మైనం పాలియెస్టర్ అయితే 4 మి.మీ. కుట్టులో ఇరుకుగా, ఉబ్బుగా కనపడింది. 0.8 సరిపోయింది. కుట్టు పొడవుకి నాలుగింతలు దారం అనే లెక్క ఇక్కడ పని చేయదు, కుట్టు 28 మి.మీ. మాత్రమే, నాలుగింతలంటే 112, సూదులు పట్టుకోడానికే చాలదు. ఒక్కో వరసకి 450 మి.మీ. తీసుకోండి. రెండు సూదులు, ఒకే చిల్లులోంచి ఎదురెదురుగా, ప్రతిసారీ ఒకే సూది ముందు వెళ్ళాలి, వరస అప్పుడే తిన్నగా వస్తది. చివర మూడు కుట్లు వెనక్కి వేసి, దారం కొసలు లైటర్‌తో కాల్చి అదమాలి.

ఖర్చు: బకిళ్ళు 330, చిజెల్ 750, దారం 220, సూదులు 60, ఆరె 70, రంపె 60. మొత్తం 6,555.

స్టేజి 7: నూనె

వెనిగర్, సోడా తర్వాత తోలు ఎండిపోయి ఉంటది, నూనె తప్పదు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకట్టి తెల్లగా తేలింది. కిర్రు చెప్పులకి పెద్దోళ్ళు పెట్టింది ఆముదం, అదే వాడా. ఒక చెంచా గోరువెచ్చగా చేసి రెండు వైపులా పల్చగా, రాత్రంతా వదిలేయాలి. ఎక్కువ పోస్తే తోలు మెత్తబడి సాగుతది. పైన తేనెమైనం ఒక వంతు, ఆముదం మూడు వంతులు, వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి కరిగించి చల్లారాక రాశా. ఈ కొలత చలికాలానికి బాగుంది, ఎండలు ముదిరేసరికి చేతికి జిగురుగా తగిలింది, ఒకటికి రెండు చేశాక పోయింది.

ఖర్చు: ఆముదం 90, మైనం 140. మొత్తం 6,785.

స్టేజి 8: కట్టుకున్నాక

వానాకాలం దాటాక కొలతలు: మధ్య చిల్లు దాకా 920 ఉన్నది 925 అయింది, చిల్లు 4 నుంచి 4.6 మి.మీ. అంచు ఎక్కడా లేవలేదు, కుట్టు కదల్లేదు. బీరువాలో చుట్టిపెట్టిన వారాల్లో లోపలి వైపు తెల్ల బూజు చుక్కలు వచ్చాయి, సగం నీళ్ళు సగం వెనిగర్‌తో తుడిచి గాలికి ఆరేశా. ఇప్పుడు చుట్టకుండా బకిల్ పట్టి వేలాడదీస్తున్నా, మిగిలిన తోలు మాత్రం ప్లాస్టిక్ కవర్లోంచి తీసి నూలు గుడ్డలో చుట్టి పెట్టా.

రెండో బెల్టుకి మారుస్తున్నవి:

1. మధ్య చిల్లు 915 దగ్గర, సాగుడు లెక్కేసి.
2. కడుపు పట్టీలు బెల్టుకి వాడట్లేదు, తాళంచెవుల పట్టీలకి కోస్తున్నా.
3. కుట్టు రెండు వరసల మధ్య దూరం 30 నుంచి 24కి, బకిల్ తక్కువ ఊగుతది.

ఆ ముక్కలో వీపు వైపు నుంచి 7 పట్టీలు వస్తాయి, అంటే కొరియర్‌తో కలిపి తోలు ఖర్చు పట్టీకి 203. బకిల్ 240 కలిపితే 443, దారం, నూనె, బంక కలిపి ఇంకో 30 దాకా వేసుకోండి. తర్వాతది మా నాన్నకి, ఆయన నడుము కొలత 985.